రేవు పిల్ల మొహంలో నాలుగు సెకన్లు

టోక్యో, సుగినామి
ఫిబ్రవరి 11

ఇందుమూలముగా కవసెమి స్టూడియో మూడంతస్తుల వారికీ, మెట్ల కింద కాపురముండు పిల్లికీ, మురకామిలో చేపలకు ఉప్పు రాయు మా అక్క ఉకాయ్ షిగెనొ గారికీ తెలియజేయడమేమనగా: రెండో అంతస్తులో నీళ్ళు కాచు కెటిల్ పందొమ్మిది సంవత్సరముల సేవ అనంతరం నిన్న మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషములకు ఆఖరి ఆవిరి విడిచినది. సంతాప సూచకముగా నేడెవ్వరూ టీ అడగరాదు. మూతను సిగరెట్ల బూడిదకు వాడినవారు మరుజన్మలో కెటిల్‌గా పుట్టించబడుదురు. ఇట్లు, బొమ్మల వరస సరిచూచు ఉకాయ్ యసుకిచి.

అక్కా,

ఈ ప్రకటన నిజంగానే మెట్ల దగ్గర గోడకు అంటించాను. ఇదివరకైతే ఇద్దరు నవ్వేవాళ్ళు, ఒకడు తిట్టేవాడు. ఇప్పుడు అందరూ చదివి, ఆవలించి, కిందికి దిగి వీధి మిషన్లో టీ కొనుక్కున్నారు. జనానికి తిట్టే ఓపిక కూడా లేదు. నాకు మాత్రం ఉందా? బల్ల మీద వంగీ వంగీ నా మెడ కొంగ మెడలా సాగిపోయింది.

పద్ధతి ప్రకారం ఉత్తరంలో ముందు వాతావరణం రాయాలి. చలిగా ఉంది. అయిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. చేతిలో ఏమన్నా ఉంటే కింద పెట్టు. మన బొమ్మల సినిమా 'రేవు పిల్ల'కి ఐరోపాలో ఎక్కడో సినిమా పండుగలో పెద్ద బహుమతి వచ్చింది. తీసిన ఇరవై రెండేళ్ళకి! విడుదలైనప్పుడు మన పేపర్లు ఏం రాశాయో గుర్తుందా? 'సెలవుల్లో పిల్లలకు' అనే మూలలో రెండు ముక్కలు, కింద పళ్ళపొడి ప్రకటన. ఇప్పుడు అక్కడి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారని తెలిసేసరికి అవే పేపర్లు 'మన గొప్ప సినిమా' అంటున్నాయి. అందరికీ నచ్చింది ఏమిటో తెలుసా? సినిమా మధ్యమధ్య ఆగిపోయి, ఎవరూ మాట్లాడక, తాడు మీంచి నీటిచుక్క జారడం చూపించామే, అవి. ఏమీ జరగని చోట్లు. ఏమీ జరగని చోటుకే మనకు ఎక్కువ బొమ్మలు పడతాయని, ఆ నీటిచుక్క దగ్గర ఇద్దరు జ్వరం తెచ్చుకున్నారని వాళ్ళకేం తెలుసు.

బహుమతి వచ్చింది కాబట్టి సినిమాని శుభ్రం చేసి మళ్ళీ విడుదల చేస్తారట. ఆ పని నరుసె అనే ఆవిడ చూస్తోంది. ముప్పై అయిదేళ్ళుంటాయి, కళ్ళద్దాలు, విదేశీ భాషలు వచ్చు, నా వేళాకోళాలకు నవ్వదు. ఆవిడ ఒక్కొక్క బొమ్మా చూస్తూ మొన్న ఆ నాలుగు సెకన్ల దగ్గర ఆగింది. ఏ నాలుగు సెకన్లో నీకు చెప్పక్కర్లేదు. తుఫాను రోజున నాన్న పడవ కోసం రేవులో తాడు పట్టుకుని నిలబడ్డ పిల్ల మొహం ఉన్నట్టుండి బూడిదరంగుకి తిరిగి, మళ్ళీ మామూలవుతుందే, అది. దాని కోసమే రంగుల గది పెద్దవైన నిన్ను అందరి ముందు నిలబెట్టారు. దాని కోసమే నువ్వు కుంచె పారేసి వెళ్ళిపోయావు. మధ్యలో వెళ్ళిపోయావు కనుక చివర పేర్లలో నీ పేరు లేదు.

దర్శకుడు కుజె గారు ఆ ముక్కను కంప్యూటర్లో సరిచేయించమంటున్నారు. ఒక్క పూట పనట.

కానీ అక్కా, ఒట్టో ఫ్లెండర్ అనే పెద్ద విమర్శకుడు ఆ నాలుగు సెకన్ల గురించే రాశాడు. విను: "ఎవరూ చెప్పకముందే ఆ పిల్లకు తెలిసిపోయింది. ఏడవదు, అరవదు. మొహంలోంచి రక్తం మాత్రం దిగిపోతుంది. ఆ రంగు వేసిన చేతికి ఎదురుచూడటమంటే ఏమిటో తెలుసు."

అది నీ చెయ్యి. వచ్చి కుజె గారితో మాట్లాడు. ఆ మొహం అలాగే ఉండాలి, చివర నీ పేరుండాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

యసూ


మురకామి
మార్చి 2

యసూ,

ఉత్తరం అందింది. కెటిల్ ఆత్మకు శాంతి.

ఇక్కడ ఇంకా మంచు. శీతాకాలమంతా చూరుకి వేలాడదీసిన చేపలు గాలికి ఎండి చెక్కల్లా అయ్యాయి. పొద్దున్నుంచీ వాటిని దింపి తుడవడమే పని. కొట్టులో నా పక్కన తమాయొ పని చేస్తుంది కనుక నాకు మాట్లాడే అవసరం రాదు. ఇద్దరి మాటలూ ఆవిడే మాట్లాడుతుంది.

నేను రాను. ఆ మొహాన్ని వాళ్ళు సరిచేసుకోనీ. తప్పుని సరిచేస్తామంటే వద్దనడానికి నేనెవర్ని?

నువ్వు ఆ రోజు గదిలో వెనక వరసలో ఉన్నావు. నేను ముందు వరసలో. తెర మీద ఆ మొహం పడగానే కుజె గారు దీపాలు వేయించి, "ఈ శవం ఎవరిది?" అన్నారు. రంగుల గది నాది కాబట్టి నేనే లేచి నడుం వంచాను. "నా అజాగ్రత్త, క్షమించండి" అన్నాను. మన దగ్గర క్షమాపణ ముందు, కారణం తర్వాత. కారణం వంతు రాలేదు. మళ్ళీ తీసే టైము లేదన్నారు, అది అలాగే వెళ్ళిపోయింది. నేనూ వెళ్ళిపోయాను. అందులో కథేమీ లేదు. అప్పటికే నేను అలిసిపోయి ఉన్నాను. శవం అన్న మాట సాకు మాత్రమే.

పేరు గురించి కూడా నాకు బెంగ లేదు. ఆ పేర్లు వచ్చేసరికి జనం గొడుగులు వెతుక్కుంటుంటారు.

ఆ విమర్శకుడు తాగి రాసి ఉంటాడు.

నీ ఉత్తరం మీద తమాయొ పులుసు ఒలకబోసింది. ఆ వాక్యం ఉన్నచోట సిరా కలిసిపోయింది. తీరిక ఉంటే ఆ నాలుగు ముక్కలూ మళ్ళీ రాసి పంపు. తీరిక ఉంటేనే.

షిగెనొ


టోక్యో, సుగినామి
ఏప్రిల్ 19

అక్కా,

పులుసు పాపం తమాయొ గారి మీద తొయ్యకు. ఆ వాక్యం వేరే కాగితం మీద గుండ్రంగా రాసి పెట్టాను. దీని మీద ఏమైనా ఒలికితే ఇంకోటి పంపుతాను.

నువ్వు రానన్నావు కాబట్టి నేనే వెళ్ళాను. కుజె గారికి డెబ్బై ఎనిమిది. మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని తెర ముందు కూర్చుంటారు. నన్ను చూడగానే, "ఏమయ్యా ఉకాయ్, ఇవాళ నా చెప్పులు ఎక్కడ దాచావు?" అన్నారు.

"దాచలేదండీ. వంగే ఓపిక లేదు."

"అయితే జబ్బు పడ్డావన్నమాట. కూర్చో."

నరుసె ఆ నాలుగు సెకన్లూ వేసింది. మామూలు మొహం, బూడిద మొహం, మామూలు మొహం. ఆయన కళ్ళు మూసుకున్నారు.

"చూశావా? ఇరవై రెండేళ్ళ నుంచి ఇది నా పంటి కింద రాయిలా ఉంది. పోయేలోగా తీయించేస్తాను."

"బయటివాళ్ళు దాన్నే మెచ్చుకున్నారండీ," అని కాగితం చేతికిచ్చాను.

ఆయన చాలాసేపు చదివారు. "అక్షరాలు నీవిలాగే ఉన్నాయే!"

"తర్జుమా నేను రాసుకున్నానండీ."

"నువ్వా? నీకు మన భాషే సరిగ్గా రాదు కదయ్యా."

"నరుసె గారి డిక్షనరీకి అన్నీ వచ్చండీ."

నరుసె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి దుప్పటి కింద దాచుకున్నారు. తర్వాత అన్నారు కదా, "విమర్శకులు మబ్బుల్లో కూడా ఏనుగుల్ని చూస్తారు. నాకు ఏనుగు కాదు, నిజం కావాలి. మీ అక్కను అడుగు. ఆ రంగు కావాలని వేసిందా, పొరపాటా? కావాలని వేస్తే ఒక్క గీతైనా మార్చను, పేరూ పెడతాను. ఆ రోజు అన్న మాటకు తల వంచుతాను. పొరపాటైతే తుడిపించేస్తాను. మే నెలాఖరుకి ఫిల్ము లాబ్‌కి వెళ్ళిపోతుంది."

విన్నావా? కుజె గారు తల వంచుతారట! ఆ మెడ వంగడం చూడటానికి నేను నా వంగిన మెడతో మురకామి దాకా నడిచి వస్తాను.

ఒక్క ముక్క రాయి అక్కా. 'కావాలనే వేశాను' అని. కార్డు మీద సరిపోతుంది.

యసూ


మురకామి
మే 21

యసూ,

ఆ ముక్క రాయను. అబద్ధం.

నీకు తెలిసిందే మళ్ళీ రాస్తున్నాను, ఏమనుకోకు. రాస్తే తప్ప నా బుర్రలోంచి పోదు. మనం బొమ్మ వేసే సెల్లు రేకు గాజులా కనిపిస్తుంది కానీ గాజు కాదు. ఒకదాని మీద ఒకటి పెడితే అడుగు బొమ్మ రంగు మెట్టు మెట్టుగా మసకబారుతుంది. అందుకే అడుగున వెళ్ళే బొమ్మకి తేలిక రంగు వేస్తాం, పైన ఉండేదానికి అసలు రంగు. రంగుల గదిలో మొదటిరోజు పాఠం. ఆ చోట వరస కాగితంలో పిల్ల బొమ్మ అన్నిటికంటే పైన అని ఉంది. పైన కనుక ముప్పై ఒకటో నంబరు సీసా తీశాను. తీశాననే అనుకుంటున్నాను. మరి తెర మీద అడుగున పెట్టినట్టు ఎందుకు పడింది? సీసా తప్పు తీశానా? నంబరు తప్పు చదివానా? ఇరవై రెండేళ్ళుగా స్నానం చేసేటప్పుడల్లా ఆ సీసాల అరని మనసులో తెరుస్తాను. ముప్పై, ముప్పై ఒకటి, ముప్పై రెండు. మూతలు కూడా కనిపిస్తాయి. నా చెయ్యి ఏ మూత మీద పడిందో మాత్రం కనిపించదు.

అందుకే మళ్ళీ కుంచె పట్టలేదు. తిట్టినందుకు కాదు. నా చేతిని నేను నమ్మలేకపోయాను. చేపకి ఉప్పు ఎంత రాసినా రంగు మారదు, అదొక్కటే ఈ పనిలో సుఖం.

కుజె గారికి కార్డు రాసి పెట్టాను: 'నా పొరపాటే. తుడిపించేయండి.' సోమవారం పోస్టులో వేస్తాను. ఇక ఈ గొడవ వద్దు.

షిగెనొ


టోక్యో, సుగినామి
మే 23, ఎక్స్‌ప్రెస్

అక్కా,

ఆ కార్డు పోస్టులో వెయ్యకు. ఇది చదివే దాకా ఆగు.

నువ్వు సీసా తప్పు తీయలేదు. ముప్పై ఒకటే తీశావు. నీ చెయ్యి సరిగ్గానే పడింది.

ఆ రోజు మధ్యాహ్నం నా బల్ల మీదికి ఆ ముక్క వచ్చింది. కెమెరా గదికి పంపేముందు వరస చూడటం నా పని. చూస్తే తాడు బొమ్మ పిల్ల చేతుల వెనక్కి పోతోంది. చేతులు తాడు పట్టుకోవాలి కదా, తాడు ముందుండాలి. తాడూ, వానా ఉన్న సెల్లులు రెండూ పైకి తెచ్చి, పిల్లని అడుక్కి తోశాను. వరస కాగితం మీద కొట్టేసి కొత్త నంబర్లు వేశాను. అక్కడితో నా పని సగం. మిగతా సగం రంగుల గదికి వెళ్ళి, 'పిల్ల అడుక్కి వెళ్ళింది, తేలిక రంగు వేయండి' అని చెప్పడం. రంగుల గది మూడో అంతస్తు. నేను కింద ఉన్నాను. మూడు రోజులుగా బల్ల కిందే పడుకుంటున్నాను. మెట్లకేసి చూశాను. ఎక్కలేకపోయాను. సాయంత్రం చెబుదాంలే అనుకున్నాను. సాయంత్రానికి మరిచిపోయాను.

అంతే అక్కా. దీని వెనక ఇంకేమీ లేదు. కుట్ర కాదు, వేళాకోళం కాదు. మెట్లు.

నువ్వు నడుం వంచినప్పుడు నేను వెనక వరసలో ఉన్నాను. లేవాలనుకున్నాను. మన కుటుంబంలో ఒకరి ఉద్యోగం పోతే చాలు, ఇద్దరిదీ ఎందుకు అని లెక్క వేసుకున్నాను. తర్వాత చెబుదాం అనుకున్నాను. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు ఊరందరినీ నవ్విస్తూ తిరిగాను. చెప్పులు దాచేవాడిని ఎవరూ గట్టిగా ఏమీ అడగరు. అదొక సౌకర్యం.

ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు. నువ్వు ఏం చేసినా సరే. కుజె గారికి నా పేరు రాసినా సరే.

యసూ


టోక్యో, సుగినామి
జూలై 8

అక్కా,

నువ్వు నాకు రాయలేదు. రాయకపోవడమే న్యాయం. అందుకే ప్రశ్నలేమీ అడగను, జరిగింది మాత్రం చెబుతాను.

కుజె గారికి నీ ఉత్తరం మే ఇరవై తొమ్మిదిన చేరింది. నన్ను పిలిచి పైకి చదివించారు. చదువుతూ నా పేరు ఎక్కడ వస్తుందా అని వెతికాను. రెండే వాక్యాలు: 'ఆ పిల్ల మొహానికి నేను వేసిన రంగు నేను వేయాలనుకున్న రంగే. అందులో పొరపాటు లేదు.'

నీ మీద ఒట్టు, అంత నిజంతో అంత పెద్ద పని చేసినవాళ్ళని నేను చూడలేదు.

ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. "శవం అన్నానా నేను?" అని అడిగారు. "అన్నారండీ." "నరుసె, దాన్ని ముట్టుకోవద్దు. పేరు ఎలా రాస్తారో ఇతన్ని అడిగి రాసుకో," అన్నారు. తర్వాత ఉత్తర దిక్కనుకుని, అంటే మీ ఊరి వైపనుకుని, తల వంచారు. అది తూర్పని నేను చెప్పలేదు.

యసూ


మురకామి
అక్టోబరు 30

యసూ,

అయిదు నెలలు రాయలేదు. కోపం వచ్చి కాదు. కోపం కోసం రెండు రోజులు ఎదురుచూశాను, రాలేదు. దానికి కూడా ఓపిక కావాలి. స్నానాల తొట్టిలో కూర్చుంటే సీసాల అర తెరుచుకోవడం మానేసింది. అది పోయాక అక్కడ ఏం పెట్టుకోవాలో తెలియలేదు. చేతకానిదాన్నని ఇన్నాళ్ళూ నమ్మాను, ఇప్పుడు కాదంటే అంత త్వరగా ఎలా మారను? మూడో అంతస్తు మెట్లు నాకూ తెలుసు. నలభై ఎనిమిది. నేను రోజూ ఎక్కేదాన్ని. నిన్ను క్షమించానని రాయను. ఆ మాట నీకు చాలా సులువుగా దొరికినట్టవుతుంది. చేపల కాలం మొదలైంది, వచ్చి ఒక వారం ఉప్పు రాయి. తర్వాత చూద్దాం.

నిన్న మా ఊరి సభాభవనంలో 'రేవు పిల్ల' వేశారు. తమాయొ లాక్కెళ్ళింది. పిల్లలు కొందరు, మా కొట్టు వాళ్ళు, పడవల వాళ్ళు. బొమ్మల సినిమా అని మగవాళ్ళు వెనక నిలబడి గొణుగుతున్నారు. పది నిమిషాల తర్వాత గొణుగుడు లేదు. తాడు మీంచి నీటిచుక్క జారేటప్పుడు హాల్లో దగ్గు కూడా లేదు. ఇది మనం చేసిందా అనిపించింది. చేసేటప్పుడు నాకు సీసాలు తప్ప ఏమీ కనిపించలేదు.

తర్వాత ఆ నాలుగు సెకన్లు వచ్చాయి. నేను నా మోకాళ్ళకేసి చూస్తున్నాను. పక్కన తమాయొ పెద్దగా, హాలంతా వినిపించేలా, "అయ్యో తల్లీ, దీనికి తెలిసిపోయిందే!" అంది. ముందు వరసలో ఎవరో "ష్" అన్నారు. "నువ్వు నోరుముయ్యి, నాకూ ఇలాగే తెలిసింది," అంది. తమాయొ మొగుడి పడవ తొమ్మిదేళ్ళ కింద తిరిగి రాలేదు. ఆవిడకి ఆ వాక్యం నేను ఎప్పుడూ చెప్పలేదు.

చివర పేర్లు వచ్చాయి. ఎవరూ గొడుగులు వెతుక్కోలేదు, వాన లేదు. నా పేరు వచ్చి పోయింది. "అది నువ్వేనా?" అంది తమాయొ. "నేనే," అన్నాను.

ఆ ఒట్టో ఫ్లెండర్ గారి చిరునామా పంపు. ఆయన అన్ని మైళ్ళ దూరంలో కూర్చుని తమాయొ చూసిందే చూశాడు. రెండు మంచి చేపలు ఎంచి పక్కన పెట్టాను. నరుసె గారి చేత ధన్యవాదాలు ఆయన భాషలో రాయించు.

షిగెనొ


టోక్యో, సుగినామి
నవంబరు 6

అక్కా,

సెలవు అడిగాను, ఇరవయ్యో తారీఖున బయలుదేరుతాను. చేతులకు పగుళ్ళు వస్తాయని నరుసె తొడుగులు ఇచ్చింది. వేసుకోను.

వచ్చేలోగా ఒకటి చెప్పాలి. ఎదురుగా నిలబడి చెబితే నువ్వు చేపతో కొడతావు.

బహుమతి నిజం. చప్పట్లు నిజం. విదేశీ పేపర్ల ముక్కలు నరుసె ఫైల్లో ఇరవై ఆరు ఉన్నాయి, అన్నీ చదివి చెప్పించుకున్నాను. అలల గురించి రాశారు. వాన గురించి రాశారు. ఏమీ జరగని చోట్ల గురించి పేజీలకు పేజీలు రాశారు. ఆ నాలుగు సెకన్ల గురించి రాసింది ఒక్కడే, అదీ ఒక్క వాక్యం: 'ఒకచోట రంగు తప్పింది.' ఆ ముక్కని నరుసె నాకు చూపించింది. కుజె గారికి చూపించకుండా ఫైల్లో అన్నిటికంటే అడుగున పెట్టింది.

నీకు రాసిన వాక్యం నాది. ఆ మొహాన్ని తెర మీద చూసిన మొదటిరోజే నాకు అలా అనిపించింది. నా తప్పే అంత బాగా పడిందేమిట్రా అని భయమేసింది కూడా. కానీ బడి సగంలో మానేసి, అందరి చెప్పులూ దాచి బతికేవాడు ఆ మాట అంటే నువ్వు నమ్ముతావా? కుజె గారు నమ్ముతారా? మన పేపర్లే బయటివాడు చెప్పేదాకా నమ్మలేదు. అందుకని దానికి ఒక బయటి పేరు తగిలించాను. ఆ రోజు నరుసె బల్ల మీద విదేశీ బిస్కట్ల డబ్బా ఉంది. మూత మీద, గోధుమ కంకుల కింద, ఆ పేరుంది.

ఆ చేపలు తమాయొ గారికివ్వు. ఒట్టో ఫ్లెండర్ అనే విమర్శకుడు ఎక్కడా లేడక్కా. నేనే పుట్టించాను.

యసూ